కాన్వాసు వెనకవైపు

1957 జనవరి 17. గురువారం. ఉదయం 10:20.

ఈస్ట్ టెన్త్ స్ట్రీట్‌లోని ప్రేగర్ గ్యాలరీకి డిటెక్టివ్ గైడో స్కాల్జో వచ్చేసరికి లోపల ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడి ఉన్నారు. గ్యాలరీ యజమాని జూలియన్ ప్రేగర్ వాళ్లిద్దరి మధ్యా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

దొంగిలించారంటున్న సొత్తు ఎక్కడా దాక్కోలేదు. ఎదురుగా గోడకే వేలాడుతోంది. ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు ఉన్న పెయింటింగ్.

స్కాల్జో పద్దెనిమిదేళ్లుగా దొంగతనాల కేసులే చూస్తున్నాడు. రేడియోలు, టైప్‌రైటర్లు, బొచ్చు కోట్లు. బొమ్మ పోయిందన్న కేసు ఇదే మొదటిది. నోట్‌బుక్కు తీసి, కొలతలు రాసుకుని, ఫిర్యాదు ఎవరిదని అడిగాడు.

"నాది," అంది నల్ల టోపీ పెట్టుకున్న పెద్దావిడ. ఆవిడ పేరు మిసెస్ కౌల్స్. చనిపోయిన పెయింటర్ హాల్ డెమరెస్ట్‌కి అక్క, వారసురాలు కూడా.

సంగతి ఇదీ. డెమరెస్ట్ అక్టోబర్ 11న తన స్టూడియోలో గుండె ఆగి పోయాడు. ఆయన స్మారకంగా ఎగ్జిబిషన్ ఈ సాయంత్రం అయిదింటికి మొదలవుతుంది. మొత్తం పన్నెండు బొమ్మలు. పదకొండు స్టూడియోలో దొరికినవి. పన్నెండోది జనవరి 7న సెల్మా రోస్కిన్ అనే ఆవిడ చుట్ట చుట్టి తెచ్చి ఇచ్చింది. హాల్ తనకు బహుమానంగా ఇచ్చాడని చెప్పింది.

"మా తమ్ముడు ఎవరికీ అగ్గిపుల్ల కూడా ఊరికే ఇచ్చిన మనిషి కాదు," అంది మిసెస్ కౌల్స్. "కాగితం చూపించమంటే నీళ్లు నములుతోంది. నేను తయారు చేయించిన జాబితాలో ఈ బొమ్మ లేదు. అంటే నేను రాకముందే ఇది స్టూడియో దాటింది."

స్కాల్జో రెండో ఆవిడ వైపు చూశాడు. నలభై దాటిన మనిషి. బూడిదరంగు కోటు. ఎంత కడిగినా పోని రంగు గోళ్ల సందుల్లో ఉంది.

డెమరెస్ట్ ఉన్న బిల్డింగ్‌లోనే సెల్మా రెండంతస్తుల కింద ఉంటోంది. ఆయన కాన్వాసులు చెక్కచట్రాలకు బిగించేది, బ్రష్షులు కడిగేది ఆవిడే. ఆవిడ కూడా బొమ్మలేస్తుందని ప్రేగర్ చెప్పాడు. ఆ చెప్పిన తీరు చూస్తే, ఆవిడ స్వెట్టర్లు కూడా అల్లుతుంది అన్నట్టే ఉంది.

ఈ పన్నెండో బొమ్మ మామూలుది కాదట. ముందుగా వచ్చి చూసిన వాళ్లంతా నోరెళ్లబెట్టారట. డెమరెస్ట్ పదిహేనేళ్లు కాన్వాసు గోడకు మేకులతో కొట్టి బ్రష్షుతో బాదినవాడు. ఆఖరి రోజుల్లో దాన్ని నేలమీద పరిచి, పల్చటి రంగు పైనుంచి ఒలకబోశాడట. మనిషి మొత్తం మారిపోయాడు. ప్రేగర్ తన కేటలాగ్‌లో ఈ బొమ్మకి 'చివరి మలుపు' అని పేరు కూడా పెట్టేశాడు. ఎంత మగసిరి, ఎంత తెగువ అని రాయించాడు.

"నాలుగింటికి మ్యూజియం నుంచి థేయర్ గారొస్తున్నారు. మ్యూజియంలో శాశ్వతంగా పెట్టడానికి తీసుకుంటారు. కానీ ఎవరిదో తేలని బొమ్మని ఆయన ముట్టుకోరు," అన్నాడు ప్రేగర్, చెమట తుడుచుకుంటూ.

అప్పటిదాకా నోరు విప్పని సెల్మా ఒక అడుగు ముందుకేసింది.

"దొంగతనం నేనే చేశాను. బహుమానం అన్నది అబద్ధం. రాసుకోండి."

టైం 10:45.

"ఇప్పుడు ఇది ఈవిడదే కదా?" అని ప్రేగర్‌ని అడిగింది. "పేచీ లేదు కదా? నాలుగింటికి ఈవిడ చేత సంతకం పెట్టించండి. మ్యూజియం వాళ్లకి ఇచ్చేయండి. నన్నెక్కడికి తీసుకెళ్లినా సరే."

మిసెస్ కౌల్స్ మొహం వికసించింది. తమ్ముడి పేరిట మ్యూజియానికి కానుకగా ఇస్తానంది. ప్రేగర్ గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. కేసు వచ్చిన పాతిక నిమిషాల్లో తేలిపోయింది.

స్కాల్జోకి మాత్రం మనసొప్పలేదు. ఇన్నేళ్లలో ఎందరో దొంగల్ని చూశాడు. ఏడ్చినవాళ్లున్నారు, బుకాయించినవాళ్లున్నారు, కాళ్లు పట్టుకున్నవాళ్లున్నారు. సొత్తు త్వరగా సొంతదారుకి అప్పగించండని ఇంత ఆత్రపడిన దొంగ ఒక్కరూ లేరు.

అతను సెల్మాను వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

"ఎప్పుడు తీశారు?"

"అక్టోబర్ పదమూడున."

"ఎన్నింటికి?"

"మధ్యాహ్నం. రెండు, రెండున్నర."

"తలుపు ఎలా తీశారు?"

"హాల్ నాకొక తాళంచెవి ఇచ్చాడు."

"తలుపు మామూలుగానే ఉందా? ఏమీ అడ్డు లేదా?"

"లేదు."

స్కాల్జో పెన్సిల్ ఆపాడు. డెమరెస్ట్ ఒంటరిగా చచ్చిపడి ఉన్నాడు కాబట్టి, పన్నెండో తేదీ ఉదయం 9:40కి తమ స్టేషన్ వాళ్లే ఆ తలుపుకి సీలు వేశారు. ఇరవయ్యో తేదీన మిసెస్ కౌల్స్ ఎదురుగా దాన్ని చింపింది కూడా వాళ్లే. సీలు చెక్కుచెదరలేదని ఫైల్లో ఉంది.

అంటే ఈ మనిషి చేయని దొంగతనం ఒప్పుకుంటోంది. ఎవరిని కాపాడటానికి?

అతను బయటికొచ్చి బొమ్మ దించమన్నాడు. ప్రేగర్ లబలబలాడాడు. ఎల్లుండి దించుకోండి, వచ్చే వారం దించుకోండి, ఇవాళ మాత్రం వద్దన్నాడు. స్కాల్జో వినలేదు. దొంగ సొత్తు ఏదైనా అతను ముందు తిరగేస్తాడు. రేడియో నంబర్ అడుగున ఉంటుంది. కోటు మీద లాండ్రీ గుర్తు లోపల ఉంటుంది. ముందువైపు చూసి ఏ వస్తువు సంగతీ తెలియదని అతని నమ్మకం.

ఇద్దరు పనివాళ్లు బొమ్మను దించి, మొహం గోడవైపు తిప్పి నిలబెట్టారు.

స్కాల్జో మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి వేశాడు.

సంతకం లేదు. నంబర్ లేదు. కాన్వాసుకి ముందుపూత ఏదీ వేయలేదు. దాంతో ముందు పోసిన రంగు గుడ్డలోంచి ఇంకి వెనక్కి వచ్చేసింది. ఆ మరకల మధ్య సన్నటి గీతలు కనిపించాయి. దగ్గరగా చూస్తే అవి ఆరు మూలల గళ్లు. ఒకదాన్నొకటి ఆనుకుని ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉన్నాయి. ఒక్కో గడి అంగుళం వెడల్పు.

ఎడమ అంచుకి పదకొండు అంగుళాల దూరంలో మాత్రం ఆ గళ్లు తెగిపోయాయి. అక్కడ నాలుగంగుళాల చదరం ఒకటి ఉంది.

స్కాల్జో టేపు తీసి రెండుసార్లు కొలిచాడు. అతని తండ్రి జీవితమంతా ఈ ఊళ్లో ఇళ్లకి టైల్స్ పరిచి, మోకాళ్లు అరగదీసుకుని పోయాడు. ఆ గీతలేమిటో ఆ ఇంటి మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

11:50. డెమరెస్ట్ బిల్డింగ్.

వాకిట్లో ఉప్పు చల్లి మంచు తీస్తున్న మిసెస్ హ్రిట్సాక్ ఆ బిల్డింగ్‌కి కాపలాదారు. యుక్రెయిన్ మనిషి. పోలీసు బ్యాడ్జి చూడగానే పార గోడకి ఆనించి, ఎవరి గురించి అడిగితే వాళ్ల గురించి చెప్పడానికి సిద్ధమైపోయింది.

అయిదో అంతస్తులో డెమరెస్ట్ స్టూడియో తెరిచి చూపించింది. నేలంతా చెక్క. పొడుగాటి, వెడల్పాటి పలకలు. గోడల నిండా మేకుల గుంటలు. టైల్ ముక్క ఎక్కడా లేదు.

"మూడో అంతస్తులో ఉండే ఆవిడ గురించి చెప్పండి," అన్నాడు స్కాల్జో.

"సెల్మానా? ఆవిడ వంటింట్లో వంటొక్కటి తప్ప అన్నీ చేస్తుంది బాబూ," అంది మిసెస్ హ్రిట్సాక్. "పోయిన ఫిబ్రవరిలో ప్రతి ఆదివారం బల్లా, కుర్చీలూ తెచ్చి వరండాలో పడేసేది. జనం నడిచేదెలా? టర్పెంటైన్ కంపు మా ఇంటిదాకా. నేను నోరు చేసుకుంటే, ఇంకొక్క ఆదివారం, ఇంకొక్కటి అనేది. నాలుగు ఆదివారాలు అలాగే గడిపింది."

"ఫిబ్రవరి అని గట్టిగా చెప్పగలరా?"

"పైపులు గడ్డకట్టి నా ప్రాణం తీసిన నెల. మర్చిపోతానా?"

మూడో అంతస్తులో ముందుగది మంచానికి, రెండు బీరువాలకి సరిపోయింది. వంటగది ఎనిమిదడుగులు, పదడుగులు. స్కాల్జో మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని, బల్ల పక్కకి జరిపి, టేపు పరిచాడు.

నేలంతా తెల్లటి ఆరు మూలల టైల్స్. సింక్ కాలి దగ్గర, ఎప్పుడో గ్యాస్ పైపు తీసేసిన చోట, ఎవరో చేతికందిన చదరపు టైల్ ఒకటి అతికించారు. నాలుగంగుళాలు.

సందుల్లోని సిమెంట్ గోకి చూశాడు. చాకు కొనకి రంగు అంటుకుంది.

1:15. గ్యాలరీ వెనక గది.

సెల్మా ముందు పెట్టిన గుడ్డు శాండ్‌విచ్ అలాగే ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. స్కాల్జో తలుపు వేసి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ బొమ్మ వేసింది మీరు. మీ వంటింట్లో, పోయిన ఫిబ్రవరిలో."

ఆవిడ కాదనలేదు. ఎవరికైనా చెప్పారా అని మాత్రం అడిగింది. ఇంకా లేదన్నాడు. వెంటనే బల్ల మీదుగా వంగి అతని కోటు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"నాలుగున్నర దాకా చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను. తర్వాత నన్ను జైల్లో పెట్టండి."

"చేయని నేరానికా?"

"మీకు తెలీదు. నేను చెప్తాను, వినండి."

ఆవిడ చెప్పింది. పంతొమ్మిదేళ్లుగా బొమ్మలేస్తోంది. మగవాళ్ల ఎగ్జిబిషన్లకి మేకులు కొట్టింది, గోడలకి సున్నం వేసింది, వాళ్ల సభల్లో కాఫీ పోసింది. తన బొమ్మ ఎప్పుడు పెట్టినా వెనక గదిలో, కోట్లు తగిలించే చోట పెట్టారు. పోయిన మార్చి 14న ఇదే కాన్వాసు భుజాన మోసుకుని ఇదే గ్యాలరీకి వచ్చింది. ప్రేగర్ మూడడుగుల మేర విప్పి చూశాడు. పూర్తిగా విప్పలేదు. ముద్దుగా ఉంది, రంగులు తెలిసిన చెయ్యి, కానీ కండ లేదన్నాడు. ఇంట్లో సోఫా పైన బాగుంటుందన్నాడు.

"జనవరిలో అదే బొమ్మ, అదే మనిషి. హాల్ పేరు చెప్పేసరికి దాని ముందు గంటసేపు నిలబడ్డాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంతకు ముందు చూశానన్న గుర్తు కూడా రాలేదు అతనికి."

"డెమరెస్ట్‌కి తెలుసా?"

"మా వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. తర్వాత, నా బ్రష్షులు కడిగావా అని అడిగాడు."

ఆవిడ శాండ్‌విచ్ పక్కకి నెట్టింది.

"నా పేరు నాకేమీ అక్కర్లేదు. అది గోడ మీద ఉండాలి. జనం చూడాలి. చుట్టచుట్టి బీరువా వెనక పెడితే పదేళ్లకి గుడ్డ చివికిపోతుంది. నాకు ఇంకోటి అలాంటిది రాదు డిటెక్టివ్ గారూ. ఎన్నిసార్లు ప్రయత్నించానో నాకు తెలుసు. రాదు."

స్కాల్జో మంచి మనిషే. కానీ తప్పు రిపోర్టు మీద పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి సంతకం పెట్టలేదు. దొంగ కానివాళ్లని దొంగ అని రాయడం అతని చేతకాదు.

"మీరు ఒక్క సెంటు తీసుకోలేదు. బొమ్మ మీద ఆయన సంతకం మీరు పెట్టలేదు. మీ మీద కేసే లేదు," అన్నాడు. "అయినా నిజం తెలిస్తే ఏమవుతుంది? చూసినవాళ్లంతా దాన్ని గొప్పదన్నారు కదా. బొమ్మ మారదు కదా."

సెల్మా అతని కోటు వదిలేసింది.

"మీకు వాళ్లు తెలీదు," అంది.

3:35.

మ్యూజియం మనిషి థేయర్ చెప్పిన టైంకంటే ముందే వచ్చాడు. బొమ్మ మళ్లీ గోడ మీదికెక్కింది. ఆయన దాని ముందు ఆగి టోపీ తీసి పట్టుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. ఈ పదేళ్లలో ఇంత ధైర్యమైన బొమ్మ చూడలేదని చివరికి మెల్లగా అన్నాడు. మిసెస్ కౌల్స్ కళ్లొత్తుకుంది. సంతకం పెట్టవలసిన కాగితం, పెన్ను ప్రేగర్ చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

సెల్మా తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. కళ్లతోనే స్కాల్జోని బతిమాలుతోంది.

అతను ఆ చూపు తప్పించుకుని ముందుకొచ్చాడు.

"సంతకం ఆపండి. ఇక్కడ దొంగతనం జరగలేదు."

అతనికి కేసు విప్పి చెప్పడం ఇష్టం. ఒక్కొక్కటే చెప్పాడు. మొదటిది, పదమూడో తేదీన ఆ తలుపుకి సీలు ఉంది. చుట్టిన బొమ్మ కాదు కదా, చీమ కూడా బయటికి రాలేదు. రెండోది, పనివాళ్ల చేత బొమ్మ దింపించి వెనకవైపు తిప్పించాడు. టార్చి వేసి గళ్లు చూపించాడు.

"గుడ్డ నేలమీద పరిచి పల్చటి రంగు పోస్తే అది కిందికి దిగుతుంది. టైల్స్ సందుల్లో నిలుస్తుంది. ఆరాక నేల అచ్చు గుడ్డకి పడుతుంది. డెమరెస్ట్ గారి స్టూడియోలో చెక్క నేల. ఆయన పదకొండు బొమ్మల వెనకా ఇలాంటి గీత ఒక్కటీ లేదు, ఇందాక తిప్పి చూశాను. ఈ చదరం చూడండి. ఇలాంటి అతుకు పడిన నేల ఆ బిల్డింగ్‌లో ఒక్కచోటే ఉంది. మిస్ రోస్కిన్ సింక్ కింద. ఆ సందుల్లో ఇదే రంగు ఇంకా ఉంది. పోయిన ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు ఆవిడ సామానంతా వరండాలో ఉందని కాపలాదారు చెప్పింది."

"పద్ధతి మారడం చూశారు మీరంతా. మనిషి మారాడనుకున్నారు. వేసింది వేరే మనిషేమో అని ఒక్కరికీ తోచలేదు. ప్రేగర్ గారూ, మార్చి 14న ఇదే బొమ్మ మీ దగ్గరికొచ్చింది. సోఫా పైన బాగుంటుందన్నారట."

"రోజుకి పాతికమంది వస్తారండీ," అన్నాడు ప్రేగర్.

"దీన్ని వేసింది ఈవిడ," అన్నాడు స్కాల్జో, సెల్మా వైపు చెయ్యి చాపి. చప్పట్లు కొడతారని కాదు కానీ, ఒక్కరైనా ఆవిడ దగ్గరికెళ్లి చెయ్యి కలుపుతారని అతను నిజంగానే అనుకున్నాడు.

థేయర్ బొమ్మను మళ్లీ ముందువైపు తిప్పమన్నాడు. ఈసారి చూడటానికి పది సెకన్లు పట్టింది.

"పనితనం ఉంది," అన్నాడు. "హాల్ ప్రభావం బాగా కనిపిస్తోంది."

"ఆయన ఇలాంటిది వేయనేలేదు కదా," అన్నాడు స్కాల్జో.

"అదే చెప్తున్నాను. అంత బలమైన మనిషి పదిహేనేళ్లు పట్టుకున్న బ్రష్షు వదిలేస్తే అది తెగింపు. ఈవిడ వదలడానికి ముందు ఏముంది? ఇప్పుడు చూస్తే కొంచెం అలంకారంలా ఉంది. పరదా గుడ్డలా."

"అయిదు నిమిషాల క్రితం మీరు టోపీ తీశారు సార్."

"అది హాల్ డెమరెస్ట్‌కి తీశాను," అని థేయర్ టోపీ పెట్టుకున్నాడు.

ఆయన మిగతా పదకొండు బొమ్మల్లో ఒకటి ఎంచుకోవడానికి పక్క గదిలోకి వెళ్లాడు. మిసెస్ కౌల్స్ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని స్కాల్జోకి రాసిచ్చి, సెల్మా వైపు చూడకుండా ఆయన వెంట నడిచింది. ప్రేగర్‌కి మాత్రం తల తిరిగిపోతోంది. అయిదింటికి జనం వస్తారు. ఎదురుగా తొమ్మిదడుగుల ఖాళీ గోడ. పనివాళ్లను కేకేసి, బొమ్మ చట్రం నుంచి ఊడదీయమన్నాడు. ఆ చోట డెమరెస్ట్ ఫొటో పెద్దది పెట్టించాడు. కేటలాగ్‌లో 'చివరి మలుపు' ఉన్న పేజీని తనే చేత్తో చింపడం మొదలుపెట్టాడు. మూడొందల కాపీలు.

4:20.

సెల్మా నేలమీద కూర్చుని కాన్వాసు చుట్టుకుంటోంది. పెయింట్ వైపు లోపలికి వచ్చేలా, నలగకుండా, జానెడు జానెడు చుట్టింది. ఏడవలేదు. స్కాల్జో తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి అర్థం కాలేదు. రిపోర్టులో ప్రతి అక్షరం నిజం. మనిషి జైలు తప్పించుకుంది.

"మీకు స్వేచ్ఛ దొరికింది కదా," అన్నాడు చివరికి.

"నేనడిగింది అది కాదు," అంది ఆవిడ.

మూడుచోట్ల తాడు కట్టింది. ముడి బిగిస్తూ తలెత్తింది.

"మీకేమనిపించింది?"

"దేని గురించి?"

"బొమ్మ గురించి. పొద్దున్నుంచి దాంతోనే ఉన్నారు కదా. వీళ్ల మాట సరే. మీకేమనిపించింది?"

స్కాల్జో నోరు తెరిచాడు. ఏడడుగులు, తొమ్మిదడుగులు. ఆరు మూలల గళ్లు, అంగుళం ఒక్కోటి. ఎడమ అంచుకి పదకొండు అంగుళాల్లో చదరం. అన్నీ నోటికి వచ్చాయి, ఇంకేమీ రాలేదు.

"నేను వెనకవైపే చూశానమ్మా," అన్నాడు.

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది అతనికి. ఒక్కసారి విప్పి చూపించమని అడిగాడు. నిజంగానే అడిగాడు, బతిమాలినట్టే అడిగాడు.

"ఇక్కడ పరచడానికి చోటు లేదండీ. అయిదింటికి జనం వస్తారు," అంది సెల్మా.

చుట్ట భుజానికెత్తుకుంది. అతను తలుపు పట్టుకున్నాడు. ముందు చుట్ట కొన, తర్వాత ఆవిడ బయటికి వెళ్లారు. మంచు పడుతున్న వీధిలో ఆవిడ ఎక్కడా ఆగకుండా నడిచి థర్డ్ ఎవెన్యూ మలుపు తిరిగింది.

స్కాల్జో తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. రోజంతా ఆ బొమ్మకి మూడడుగుల దూరంలో తిరిగాడు. దాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నీలం ఉందా? ఎరుపు ఉందా? మధ్యలో పెద్దగా తెల్లగా ఏదో ఉన్నట్టుందా, లేక అది గోడా?

ఎంత ప్రయత్నించినా ఒక్క రంగూ గుర్తు రాలేదు.